నీళ్లు సన్నగా వదిలితే చివరి పొలానికి చేరవు

ప్రశ్నను కొంచెం కుదించి పైన పెడుతున్నాను: "మాది మహబూబ్‌నగర్. జడ్చర్లలో ఒక బ్యాంకులో పని. చిన్నప్పటి నుంచి పుస్తకాల పిచ్చి. మూడేళ్ల కింద, చదివిన ప్రతి పుస్తకం గురించీ ఆన్‌లైన్‌లో రాయడం మొదలుపెట్టాను. ఈ ఏడాది టార్గెట్ 100 పుస్తకాలు. ఆగస్టు వచ్చింది, 30 కూడా దాటలేదు. మిద్దె మీద మొక్కలు, మగ్గం వర్క్, ఆదివారాలు కోటలు చూడటం కూడా ఉన్నాయి. అన్నిటికీ రోజుకు అరగంట చొప్పున టైంటేబుల్ వేసుకుంటే వారం కూడా నిలవట్లేదు. రాయడం మానెయ్యాలా? ఏది వదులుకోవాలి?"

అమ్మా, నువ్వు మొదట "పిచ్చి" అని రాశావు, రెండు వాక్యాల తర్వాత "టార్గెట్" అని రాశావు. ఆ రెండు మాటల నడుమ ఈ మూడేళ్లలో ఏం జరిగి ఉంటుందో నేను చెప్పగలను. నాకూ జరిగింది గనక.

నేను 31 ఏళ్లు నల్లగొండ జిల్లా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరయ్యాను. దేవరకొండ, మిర్యాలగూడ, ఆఖరికి నల్లగొండ. లైబ్రేరియన్ అంటే రోజంతా కూచొని చదువుకుంటుందని లోకం అనుకుంటుంది. మిఠాయి దుకాణంలో తూకం వేసేవాడు రోజంతా లడ్డూలు తింటాడా? రిజిస్టర్లు, పేపర్ల లెక్క, ఫ్యాను కింద కుర్చీ కోసం గ్రూప్స్‌కి చదివే పిల్లల కొట్లాటలు, వీటితోనే పొద్దు గూకేది. నేను చదివిందంతా ఇంటి దగ్గరే.

పదిహేనేళ్ల కింద మా దగ్గర వెలువడే ఒక చిన్న వారపత్రిక వాళ్లు వారానికో పుస్తకాన్ని పరిచయం చెయ్యమన్నారు. మస్తు సంబరపడ్డాను. మొదటి మూడు నెలలు బాగానే సాగింది. అంతకుముందు చదివినవి ఉన్నాయి గదా, గరిసెలో గింజలున్నన్నాళ్లు ఎవరైనా వండుతారు. గరిసె అడుగు కనబడ్డాక అసలు కథ మొదలైంది. బీరువా ముందు నిలబడితే నా కన్ను ముందుగా పుస్తకం మందం మీద పడేది. 120 పేజీలు దాటితే తిరిగి అక్కడే పెట్టేదాన్ని. చదువుతున్నంతసేపూ చేతిలో పెన్సిలు, కళ్లు మాత్రం రాతలోకి పనికొచ్చే వాక్యం ఎక్కడుందా అని వెతుకుతుండేవి. కోడిపిల్లల కోసం గద్ద తిరిగినట్టు. కథలో ఎవరు ఏడ్చినా నాకు పట్టేది కాదు, ఆ ఏడుపు గురించి నేను ఏం రాయాలన్నదే ఆలోచన.

మా దగ్గరికి ఆర్టీసీ కండక్టర్ ఒకాయన వచ్చేవారు. డ్యూటీ దిగి యూనిఫాం మీదే వచ్చి నవలలు తీసుకుపోయేవారు. ఒక సాయంత్రం, నేను పరిచయం చేసిన నవలనే తిరిగిస్తూ, "మేడం, ఆ ముసలాయన కొడుకు దగ్గరికి పోయి కలిసిండని పేపర్ల రాసిన్రు. చివర్ల ఆయన అసలు బస్సు దిగనే దిగడు గదా?" అన్నారు. గొంతులో వెక్కిరింపు లేదు. తనకే సరిగ్గా అర్థం కాలేదేమోనని ఆయన భయం. నేను ఆ నవల చివరి నలభై పేజీలు చదవనే లేదు, అదీ సంగతి. "మీరు చదివిందే కరెక్టు" అని చెప్పి తల దించుకొని పుస్తకం జమ చేసుకున్నాను. తర్వాతి నెలలో ఆ శీర్షిక మానేశాను. మానేసినా పెన్సిలు లేకుండా ఒక పుస్తకం చదవడానికి నాకు ఇంకో రెండు నెలలు పట్టింది.

కాబట్టి నీ మొదటి ప్రశ్నకు జవాబు: రాయడం మానకు. "చదివిన ప్రతి పుస్తకం గురించీ" అన్న నియమాన్ని మాత్రం ఇవాళే తీసెయ్. ఆ నియమం ఉన్నన్నాళ్లు నువ్వు ప్రతి పుస్తకం దగ్గరా టోల్‌గేటు కట్టుకున్నట్టే. లావు పుస్తకానికి పెద్ద టోలు. అందుకే మనసు లావు పుస్తకాల దారికి పోదు. నీ 30 పుస్తకాల జాబితా తీసి చూడు. సన్నవి ఎన్ని, ఇంతకుముందే ఎవరో మెచ్చుకున్నవి ఎన్ని, నిజంగా నీకై నువ్వు వెతుక్కున్నవి ఎన్ని? నా అంచనా తప్పైతే సంతోషమే.

100 లెక్క కూడా ఒకసారి వేద్దాం, నువ్వు బ్యాంకులో పనిచేసే మనిషివి గనక. పుస్తకానికి 200 పేజీలు అనుకున్నా 100 అంటే 20,000 పేజీలు, రోజుకు 55. ఏడాదంతా, పెళ్లిళ్లు, జ్వరాలు, మార్చి నెలాఖరు క్లోజింగు అన్నీ కలుపుకొని. అదే రోజుకు 20 పేజీలు చదివితే ఏడాదికి 7,300. 200 పేజీలవైతే 36 పుస్తకాలు. నువ్వు ఆగస్టుకే 30 దగ్గర ఉన్నావంటే బ్రహ్మాండంగా చదువుతున్నావన్న మాట. వెనకబడ్డానన్న బాధ నీకు ఆ 100 అనే అంకె తెచ్చిపెట్టింది, అంతే.

ఇక టైంటేబుల్. దీని గురించి నేను మా నాయిన దగ్గర నేర్చుకున్నది చెప్తాను. మా నాయిన సాగర్ ఎడమ కాల్వ మీద లస్కర్. షట్టర్లు ఎత్తడం, దించడం, రాత్రిపూట తూములు పగలగొట్టకుండా కాపలా తిరగడం ఆయన పని. నీళ్లు తక్కువున్న ఏడు ఆన్-ఆఫ్ పద్ధతి పెడతారు. కొన్ని రోజులు ఒక మేజర్‌కు, అంటే పెద్ద కాల్వ నుంచి చీలే పిల్ల కాల్వకు, నిండుగా వదిలి, తర్వాత మూసేసి, ఇంకో దానికి వదులుతారు. చిన్నప్పుడు నాకిది అన్యాయం అనిపించేది. "అందరికీ రోజూ కొంచెం కొంచెం ఇస్తే అయిపాయె గదా" అన్నాను ఒకసారి. నాయిన నవ్వి, "సన్నగ వదిలితే కాల్వే తాగేస్తది బిడ్డా, చివరి పొలానికి చుక్క పోదు" అన్నాడు. కాల్వ నిండుగా పారితేనే నీళ్లకు ఉరవడి ఉంటుంది, తూముల ఎత్తు అందుతుంది. సన్నని పారుడు మట్టిలో ఇంకి, ఎండకు ఆవిరై, దారిలోనే ఖర్చవుతుంది.

నీ అరగంటలు అట్లాగే దారిలో ఖర్చవుతున్నాయి. మగ్గం చట్రానికి గుడ్డ బిగించి, దారాలు, పూసలు ముందు పెట్టుకునేసరికి పది నిమిషాలు. మళ్లీ సర్దడానికి పది. మిగిలిన పది నిమిషాల్లో ఒక రేకు కూడా నిండదు. రాయడం ఇంకా అన్యాయం. నిన్న ఎక్కడ ఆపావో గుర్తు తెచ్చుకునేసరికే అరగంట అయిపోతుంది. చదవడం ఒక్కటే కొంత నయం, పుస్తకం తెరిస్తే చాలు, సామాను సర్దే పని లేదు. అందుకని రోజువారీ వంతు చదవడానికి ఒక్కదానికే ఉంచు. మిగతావాటికి కాలాలు ఇవ్వు.

కాలాలు అంటే నిజంగానే కాలాలు. నేను చేసేది చెప్తాను. వానాకాలం మిద్దె మీద మొక్కలు, అప్పుడు అవి అడిగిన టైం ఇవ్వక తప్పదు. జూన్‌లో విత్తనం పడకపోతే అక్టోబర్‌లో కూర్చొని ఏడ్చి లాభం లేదు. ఆ మూడు నెలలు నేను ఒక్క ముక్క రాయను. బతుకమ్మ తొమ్మిది రోజులు పుస్తకమే ముట్టను, ముట్టలేదని బాధా పడను. దసరా వెళ్లాక చలి మొదలైనప్పటి నుంచి రాత. సంక్రాంతి దాటాక ఎండ ముదిరేలోపు తిరుగుడు. ఎండాకాలం మధ్యాహ్నాలు కూలరు ముందు లావు పుస్తకాలు. నీ ఉద్యోగానికి నా పంచాంగం సరిపోదు, మార్చిలో నీకు ఊపిరాడదు, కాబట్టి నీది నువ్వు వేసుకో. ఒక కాలంలో చదవడం కాకుండా ఒక్కటే పెద్ద పని, ఇంకోటి చిన్నది. మిగతావి ఆ కాలానికి పడావు, అంటే సాగు చెయ్యకుండా వదిలెయ్యడమే. పడావు పెట్టిన చెలక పాడైపోదు, నీకు తెలుసు, మీ పాలమూరు చెలకల దేశమే గదా.

పాత రోజుల్లో చెరువుల కింద తైబందీ అని ఉండేది. నీళ్లు తక్కువున్న ఏడు, ఎన్ని ఎకరాలు నాటాలో నాట్లకు ముందే అందరూ కూచొని తేల్చుకునేవాళ్లు. నాటాక ఎండబెట్టుకోవడం కంటే ముందే తగ్గించుకోవడం నయమని. నువ్వు ఆగస్టులో అడుగుతున్నావు గనక ఈసారికి ఎట్లాగూ నాట్లు అయిపోయాయి. దసరా నుంచి మొదలుపెట్టు.

ఇట్లా కాలాలను బట్టి చదవడం రీడింగ్ రూములో నా కళ్లతో చూశాను కూడా. ప్రతి పుస్తకం వెనక అట్టకు గడువు తేదీల చీటీ అంటించి ఉంటుంది, తేదీ స్టాంపు వేస్తాం. మిర్యాలగూడలో ఉన్నప్పుడు ఖాళీగా ఉంటే ఆ చీటీలు చదువుతుండేదాన్ని (లైబ్రేరియన్లకు ఇట్లాంటి రోగాలుంటాయి). ఊళ్ల నుంచి వచ్చే రైతు పాఠకులు నాట్లప్పుడు మాయం. వడ్లు అమ్ముడయ్యాక ఒక్కొక్కరు వచ్చి నాలుగేసి పుస్తకాలు అడిగేవాళ్లు, మా నిబంధనలు ఒప్పుకోకపోయినా. ఏడాదికి నాలుగు నెలలే చదివే ఆ మనుషుల్లో కొందరు నాకంటే ఎక్కువ చదివారు. "చదవడంలో గ్యాప్ వచ్చింది" అని వాళ్లలో ఒక్కరూ నాతో అనగా వినలేదు.

రాయడం ఎట్లా అన్నది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నీ అసలు చిక్కుముడి అక్కడే ఉంది.

చదివేటప్పుడు రాయకు. ఒక పాత బస్సు టికెట్టో, పేపరు ముక్కో పుస్తకంలో పెట్టుకో. ఆగిన చోట దానిమీద పేజీ నంబరు, రెండు మాటలు. "87, బావి దగ్గర అబద్ధం." అంతే. వాక్యం మొత్తం ఎక్కించుకోవద్దు, ఎక్కించుకుంటుండగానే కథ చల్లారిపోతుంది. సొంత పుస్తకమైతే చివరి ఖాళీ పేజీ మీద సన్నగా పెన్సిలుతో రాసుకోవచ్చు. గ్రంథాలయం పుస్తకం మీద గీతలు గీసేవాళ్ల గురించి నేనిక్కడ మాట్లాడకపోవడం మంచిది.

పుస్తకం అయిపోయిన రోజు ఒక నోటుబుక్కులో ఒకే పేజీ: ఎప్పుడు చదివాను, ఎక్కడ దొరికింది, టికెట్టు మీది నంబర్లు, ఒక అనుమానం. అనుమానం తప్పకుండా ఉండాలి. "ఆమె తిరిగి ఎందుకు వచ్చింది?" లాంటిది. ఈ పేజీ ఎవరికీ చూపించేది కాదు, కాబట్టి అక్షరాలు వంకరపోయినా పర్వాలేదు. పది నిమిషాల పని. ఇది ప్రతి పుస్తకానికీ చెయ్యి.

తర్వాత కనీసం పదిరోజులు ఆ పుస్తకం జోలికి పోకు. పదిరోజుల తర్వాత కూరగాయలు తరుగుతుంటేనో, జడ్చర్ల బస్సులో నిలబడి ఉన్నప్పుడో ఆ పుస్తకం దానంతటది గుర్తుకొస్తే, దాని గురించి రాయి. గుర్తుకు రాకపోతే నోటుబుక్కులో పేజీ ఉంది, చాలు. నాకు అయిదు పుస్తకాల్లో ఒకటి ఇట్లా తిరిగొస్తుంది. రెండు నెలలకు ఒక మంచి వ్యాసం. అంతకంటే ఎక్కువ రాయమని నిన్ను ఎవరు అడుగుతున్నారు? నిజంగా అడుగు ఈ ప్రశ్న. చదివేవాళ్లు అడగడం లేదు, వాళ్లకు నీ ఒక్క మంచి వ్యాసం దొరికితే రెండు నెలలు ఓపిక పడతారు. అడిగేది ఫోనే. వ్యాసం పెట్టిన రోజు ఎంతమంది చూశారో చూడాలనిపిస్తుంది, రెండు రోజులు రాకపోతే జనం మరిచిపోయారనిపిస్తుంది. నేను రాసింది పెట్టాక ఆ రోజు ఫోను బియ్యం డబ్బా పక్కన పెట్టి మిద్దె ఎక్కుతాను. అది బలహీనతే, ఒప్పుకుంటాను, కానీ పనిచేస్తుంది.

రాయడానికి నెలకు రెండు పూటలు తీసుకో, అంతకంటే వద్దు. ఒక పూట చిత్తుప్రతి, ఇంకో పూట దిద్దుడు, నడుమ వారం ఎడం. రెండోసారి చూసేటప్పుడు మొదటి పేరా కొట్టేస్తే సాధారణంగా వ్యాసం బాగుపడుతుంది. నావి నూటికి తొంభై అట్లాగే బాగుపడ్డాయి.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి ఒకటి. ఇంట్లో మగ్గం పని పట్టుకొని కూచుంటే నిన్ను ఎవరూ లేపరు. పూసలు కుడుతుంటే అది పనిలాగా కనిపిస్తుంది, పైగా రేపు ఎవరి పెళ్లికో జాకెట్టు తయారవుతుంది. పుస్తకం పట్టుకుంటే మాత్రం "ఊకెనే కూసున్నవు గద, జర చాయ పెట్టు" అంటారు. మా అత్తమ్మ చాలా మంచి మనిషి, కానీ ఆమెకు నా చదువు ఎన్నడూ పనిగా కనిపించలేదు. మొక్కలకు నీళ్లు పోయడం కనిపించింది, కుట్టడం కనిపించింది. చదవడం ఖాళీగా ఉండటమే ఆమె లెక్కలో. నేను వాదించలేదు. తెల్లారి అయిదింటికి మిద్దె మీదికి పోవడం మొదలుపెట్టాను. చేతిలో నీళ్ల డబ్బా, కొంగు చాటున పుస్తకం. మొక్కలకు పది నిమిషాలు, పుస్తకానికి నలభై. "కోడలికి మొక్కలంటే ప్రాణం" అని ఆమె పదిమందికి చెప్పుకునేది. నీ ఇంట్లో పరిస్థితి నాకు తెలియదు, కానీ టైంటేబుల్ వారం కూడా నిలవడం లేదంటే, ఏ అరగంటను ఎవరు లాక్కుంటున్నారో ఒక వారం రాసి చూడు. చదివే అరగంటే ముందు పోతూ ఉంటుంది.

చేతిపని ఉన్నప్పుడు చెవులు ఖాళీ, ఆడియో పుస్తకాలు వినొచ్చు గదా అని నీకు చాలామంది సలహా ఇస్తారు. మంచిదే, కథలు వినొచ్చు. నాకు మాత్రం ఒక అభ్యంతరం ఉంది. మగ్గం పనిలో మనసు కాసేపు దేన్నీ పట్టుకోకుండా తిరుగుతుంది, చదివిన పుస్తకం తిరిగొచ్చేది అప్పుడే. ఆ ఖాళీని కూడా ఇంకో పుస్తకంతో నింపేస్తే పదిరోజుల తర్వాత గుర్తుకు రావడానికి చోటేది? వారానికి ఒకటి రెండుసార్లు విను, మిగతాప్పుడు సూదిని దాని పని చేసుకోనీ.

బస్సులో చదవడం గురించి నువ్వు అడగలేదు కానీ, మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్లకు పదిహేను కిలోమీటర్లే గదా, పోను రాను కలిపి రోజుకు గంట. కొందరికి కదిలే బండిలో అక్షరాలు చూస్తే కడుపులో తిప్పుతుంది. తిప్పకపోతే కథలు, కవితలు బస్సుకు పెట్టుకో, నవల ఇంటికి. ఒకే నవలను బస్సులో, ఇంట్లో రెండుచోట్లా చదివితే మీ స్టాపు దాటిపోయే ప్రమాదం ఉంది. నాకు రెండుసార్లు అయింది, ఒకసారి కొండమల్లేపల్లిలో దిగాల్సినదాన్ని దేవరకొండ దాకా పోయాను.

కోటల సంగతికి వద్దాం, నీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. నీ సరదాలన్నిటిలో చదువుతో చెయ్యి కలిపేది ఇదొక్కటే, దీన్ని వదలొద్దు. మొక్కలూ మగ్గమూ చదువుకు దూరంగానే ఉండనీ, మనిషికి అక్షరం లేని చోటు కూడా ఒకటి కావాలి. కానీ కోటకు ఉత్త కెమెరాతో పోకు.

ఉదాహరణకు ఖిల్లా ఘనపురం. ఎక్కి, ఫోటోలు తీసుకొని దిగితే ఒక ఆదివారం అయిపోతుంది. దానికి ముందు నెల, ఆ కోట కట్టించిన గోన వంశం మీద దొరికినంత చదువు. వాళ్ల రాజధాని వర్ధమానపురం, ఇవాళ బిజినేపల్లి దగ్గరున్న నందివడ్డెమానే. కాకతీయులకు సామంతులుగా ఇక్కడి నుంచే ఏలారు. ద్విపదలో రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి ఆ ఇంటివాడే. ఆయన యుద్ధకాండ దాకా రాస్తే, ఉత్తరకాండను కొడుకులు కాచభూపతి, విఠ్ఠలనాథుడు పూర్తి చేశారు. రాజ్యం చేస్తూ కావ్యం రాసిన మనుషులు నీ ఊరికి బండిమీద పోయేంత దూరంలో ఉండేవాళ్లు. ఇది తెలిశాక నందివడ్డెమాను గుడి ముందు నిలబడితే ఆ రాళ్లు వేరేగా కనబడతాయి. ఇంటికొచ్చి ఆ రామాయణంలో నాలుగు ద్విపదలు పైకి చదువు. ఒక ప్రయాణం, రెండు మూడు పుస్తకాలు, ఒక వ్యాసం, ఒకే ఒరవడిలో నడుస్తాయి. వంద పుస్తకాల లెక్కలో ఇది మూడుగా కనిపిస్తుంది, అయినా నాకు ఆ మూడే కావాలి.

మా వైపు వస్తే పానగల్లు చూడు. నల్లగొండ పక్కనే. ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో పొద్దంతా ఒక నీడ నిలబడి ఉంటుంది. అందరూ అది చూసి ఆశ్చర్యపోయి వెళ్లిపోతారు. పక్కనే పచ్చల సోమేశ్వరం గుడి, ఉదయసముద్రం చెరువు ఉన్నాయి. చలికాలం పొద్దున పోతే చెరువు మీద పక్షులు. నేను ముందు గుడికోసం పోయాను, తర్వాత శాసనాల కోసం, ఇప్పుడు పక్షుల కోసం పోతున్నాను. ఒకే ఊరు, మూడు రకాల పుస్తకాలు చదివించింది.

అన్నీ ఒకేసారి చెయ్యాలన్న తొందర వచ్చినప్పుడు నేను మీ ఉమ్మడి జిల్లాయన్నే తలుచుకుంటాను. సురవరం ప్రతాపరెడ్డి గారి సొంతూరు ఇటిక్యాలపాడు, గద్వాల వైపు. వకీలు, పత్రికా సంపాదకుడు, పరిశోధకుడు, హైదరాబాదులో రెడ్డి హాస్టలు బాధ్యతలు, చివర్లో 1952లో వనపర్తి నుంచి ఎమ్మెల్యే. చదివితే ఊపిరాడదు. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూడు. గోలకొండ పత్రిక 1926. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో సంచిక తెచ్చింది 1934. ఆంధ్రుల సాంఘిక చరిత్ర అచ్చయింది 1949. నడుమ ఎనిమిదేళ్లు, పదిహేనేళ్లు. ఆ సాంఘిక చరిత్రలో పాత కావ్యాల్లోంచి తీసిన తిండి, బట్ట, ఆట, నాణెం వివరాలు చూస్తే, అవి ఒక ఏడాది కూచొని చదివినవి కావని తెలిసిపోతుంది. ఎన్నో ఏళ్లు వేరే పనులు చేస్తూ చదివిందంతా ఎక్కడో జమ అవుతూ వచ్చింది. పత్రిక ఒత్తిడిలో వారం వారం అదంతా ఖర్చుపెట్టేసి ఉంటే ఆ పుస్తకం మనకు ఉండేది కాదేమో. ఇది నా ఊహ మాత్రమే.

ఇంకో రెండు చిన్న విషయాలు.

నచ్చని పుస్తకాన్ని వదిలెయ్యడం నేర్చుకో. అమెరికాలో నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ ఒక సూత్రం చెప్పింది: యాభై పేజీలు చదువు, పట్టకపోతే మూసెయ్. యాభై ఏళ్లు దాటినవాళ్లు వందలోంచి వయసు తీసేసి మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. నాకిప్పుడు 64, కాబట్టి 36 పేజీలకే తీర్పు చెప్పే హక్కు వచ్చింది. ముసలితనంలో ఇదొక సుఖం. నీకింకా యాభై పేజీలు తప్పవు. వదిలేసిన పుస్తకం మీద మాత్రం రాయకు, నా కండక్టర్ గారి లాంటి వాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు.

రెండోది, కొనడం తగ్గించి అరువు పెంచు. నువ్వు ఇంటి పన్ను కడితే అందులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. అంటే జిల్లా గ్రంథాలయం నీ డబ్బుతో నడుస్తున్నదే. చిన్న డిపాజిట్టు కట్టి కార్డు తీసుకో. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో సంచులు నింపుకొచ్చిన పుస్తకాలు ఏళ్లకేళ్లు అట్లాగే ఉంటాయి, గడువు తేదీ ఉన్న పుస్తకం పదిరోజుల్లో అయిపోతుంది. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయాలకు అయిదు సూత్రాలు రాశారు, అందులో నాలుగోది "పాఠకుడి సమయం ఆదా చెయ్యి." అది మాలాంటి ఉద్యోగుల కోసం రాసింది. బీరువాలు ఎట్లా సర్దాలి, కేటలాగు ఎట్లా ఉండాలి అని. రిటైరయ్యాక నేను దాన్ని ఇంట్లో అలమారకు అన్వయిస్తున్నాను. కంటి ఎత్తున ఉండే అరలో మూడే పుస్తకాలు పెడతాను, ఈ కాలానికి చదవాల్సినవి. మిగతావన్నీ పైన, స్టూలు వేసుకుంటే గానీ అందనంత ఎత్తున. నా మోకాళ్లకు స్టూలు ఎక్కడం ఇష్టం ఉండదు, అందుకని ముందు ఆ మూడూ పూర్తవుతాయి.

ఏది వదులుకోవాలని అడిగావు గదా. 100 అంకె, "ప్రతి పుస్తకం" నియమం, రోజువారీ అరగంటలు. ఈ మూడూ వదిలెయ్. మొక్కలు, మగ్గం, కోటలు, రాత దేన్నీ వదలనక్కర్లేదు, దసరాకి కూచొని వంతులు వేసుకో. ఖిల్లా ఘనపురం మాత్రం ఎండ ముదరకముందే చూడు. పొద్దున్నే ఎక్కు, తాగే నీళ్లు కింది నుంచే తీసుకుపో, వానపడ్డ మర్నాడైతే ఆ రాతి మెట్లు జారుతాయి, చెప్పులు కాదు బూట్లు వేసుకో.